ఊరు దాటిన సేవకుడికి ఒక పూట భోజనం
యుద్ధకాలపు బ్రిటన్ అనుభవం – పాల సంఘాలకు కొన్ని పాఠాలు

ఒక ఊరికి ఆపద వచ్చిందంటే పొరుగూళ్ళ నుంచి మనుషులు పరుగెత్తుకొస్తారు. నిప్పు ఆర్పేవారు, శిథిలాలు తొలగించేవారు, గాయాలకు కట్లు కట్టేవారు, రాత్రంతా కాపలా కాసేవారు ఇలా ఎందరో వస్తారు. వచ్చినవారు ఒకరిద్దరైతే ఏదో ఒక ఇంట్లో విస్తరి వేస్తారు. ఒక్కసారిగా అయిదువందల మంది వస్తే ఎలా? ఆ ఊరి కొట్లు కూలిపోయి, నీళ్ళ గొట్టాలు పగిలిపోయి, ఊరివారికే తిండి లేని వేళ ఈ అయిదువందల మందికి అన్నం ఎక్కడి నుంచి రావాలి? వారు తినే ప్రతి ముద్దా బాధితుల నోటి దగ్గరిది కాకుండా చూసేదెలా?

ఈ ప్రశ్నకు ఒక దేశమంతటా లెక్క ప్రకారం సమాధానం వెదికిన సందర్భం రెండవ ప్రపంచ యుద్ధకాలంలోని బ్రిటన్. 1939 నుంచి 1945 వరకు అక్కడ పౌర రక్షణ దళాలలో పనిచేసిన వాలంటీర్లకు, ఇంటికి దూరంగా ఉన్న వేళ తిండి ఎలా అందిందో ఈ వ్యాసంలో వివరించదలచాము. ఇది పాడి సంఘాలకు ఎందుకని సభ్యులు అడగవచ్చు. ఆ ఏర్పాటులో పాలకు ఇచ్చిన స్థానం మనకు ఎంతో బోధపరుస్తుంది. పైగా మన తీరప్రాంతాలలో తుఫానులు, వరదలు వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మన సంఘాల గుమ్మం ముందుకు వచ్చి నిలుస్తూ ఉంటుంది.

పౌర రక్షణ దళంలో ఎవరుండేవారు?

విమాన దాడుల నుంచి పౌరులను కాపాడే ఏర్పాట్ల కోసం బ్రిటిష్ పార్లమెంటు 1937లోనే ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలోనూ వార్డెన్లు, ప్రథమ చికిత్స దళాలు, శిథిలాల నుంచి మనుషులను వెలికితీసే రక్షణ దళాలు, సహాయక అగ్నిమాపక దళాలు ఏర్పడ్డాయి. వీరిలో అత్యధికులు జీతం లేని వాలంటీర్లు. పగలంతా ఫ్యాక్టరీలోనో, కొట్టులోనో, ఆఫీసులోనో పనిచేసి, రాత్రి వంతు ప్రకారం కాపలాకు వెళ్ళేవారు. పూర్తికాలం పనిచేసే కొద్దిమందికి మాత్రం యుద్ధారంభంలో వారానికి పురుషులకు 3 పౌనులు, స్త్రీలకు 2 పౌనులు జీతం ఇచ్చేవారు.

1938లో మహిళా స్వచ్ఛంద సేవాదళం ఏర్పడింది. దాని స్థాపకురాలు లేడీ రీడింగ్. ఆమె భర్త 1921 నుంచి 1926 వరకు భారతదేశానికి వైస్రాయిగా ఉన్న రీడింగ్ ప్రభువు. వివాహానికి పూర్వం ఆమె కూడా 1920లలో ఢిల్లీలో వైస్రాయి కార్యాలయ సిబ్బందిలో పనిచేశారు. ఆమె దళంలో యుద్ధం సాగేకొద్దీ పదిలక్షల మంది స్త్రీలు చేరారు. బాంబులు పడిన చోట టీ, సూపు, రొట్టె పంచే పని ముఖ్యంగా వీరి చేతుల మీదుగా నడిచింది. వారిలో చాలామంది మామూలు గృహిణులు. ఇంటెడు మందికి వండిన అనుభవం తప్ప వేరే శిక్షణ లేనివారు వెయ్యిమందికి వండటం నేర్చుకున్నారు.

రేషను పుస్తకం – ఒక కొట్టుకు కట్టిన ముడి

యుద్ధానికి ముందు బ్రిటన్ తన ఆహారంలో చాలా భాగాన్ని ఓడల మీద తెప్పించుకునేది. శత్రు జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుతూ ఉండగా, ఉన్నదానిని అందరికీ సమంగా పంచటం తప్ప గత్యంతరం లేకపోయింది. 1940 జనవరి 8న రేషను మొదలైంది. మొదట ఉప్పుపెట్టిన పంది మాంసం, వెన్న, చక్కెర. ఆ సంవత్సరమే మాంసం, టీ, వంటకొవ్వులు. 1941లో జామ్, జున్ను ఇలా ఒక్కొక్కటే రేషను పరిధిలోకి వచ్చాయి.

ఒక మనిషికి వారానికి దక్కింది ఎంతో చూడండి. అంకెలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చినా, స్థూలంగా చక్కెర 8 ఔన్సులు (సుమారు 227 గ్రాములు), వెన్న 2 ఔన్సులు, టీ ఆకు 2 ఔన్సులు, జున్ను 2 ఔన్సులు, గుడ్డు ఒక్కటి, అదీ దొరికినప్పుడు. ఔన్సు అంటే 28 గ్రాములకు కాస్త ఎక్కువ. వారానికి 56 గ్రాముల టీ ఆకు అంటే రోజుకు 8 గ్రాములు. ఎంత పొదుపుగా కాచినా మూడు నాలుగు కప్పులకు మించదు. రొట్టెకు, బంగాళాదుంపలకు యుద్ధకాలమంతా రేషను లేదు. కడుపు నింపినవి ఆ రెండే. రొట్టెకు రేషను పెట్టవలసి వచ్చింది యుద్ధం ముగిసిన తరువాత, 1946 నుంచి 1948 వరకు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. రేషను పుస్తకం చేతిలో ఉంటే ఏ కొట్టులోనైనా సరుకు దొరుకుతుందనుకోరాదు. ప్రతి కుటుంబమూ తన వీధిలోని ఒక కొట్టును ఎంచుకొని అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఆ కొట్టువాడి దగ్గర ఎందరు నమోదయ్యారో, ప్రభుత్వం అందరికీ సరిపడా సరుకే అతనికి పంపుతుంది. మన సంఘంలో ఎందరు సభ్యులో, ఎన్ని పశువులో లెక్క చూసి దాణా కోటా పంపినట్లే ఇదీ. దుబారాకు తావులేని పద్ధతి. అయితే ఈ ముడిలోనే ఒక చిక్కు ఉంది. మనిషి ఊరు దాటిపోతే అతని చక్కెర, వెన్న, టీ అన్నీ సొంత ఊరి కొట్టులోనే ఉండిపోతాయి. పక్క జిల్లాకు సాయం వెళ్ళిన అగ్నిమాపక సేవకుడి దగ్గర ఆకలి ఉంటుంది, డబ్బు ఉంటుంది, సరుకు కొనే హక్కు మాత్రం ఉండదు.

ఊరు దాటినవారికి నాలుగు దారులు

ఈ చిక్కును విప్పటానికి ఆహార మంత్రిత్వ శాఖ నాలుగు దారులు తెరిచింది. 1940 ఏప్రిల్ నుంచి 1943 చివరి వరకు ఈ శాఖకు మంత్రిగా ఉన్నవారు లార్డ్ వుల్టన్. రాజకీయాలలోకి రాకముందు ఆయన పెద్ద దుకాణాల వ్యాపారాన్ని నడిపిన వ్యక్తి. సరుకు గిడ్డంగి నుంచి కొనుగోలుదారు చేతికి ఎలా చేరుతుందో ఎరిగినవారు.

మొదటి దారి క్యాంటీన్. క్యాంటీనులో తినే భోజనానికి కూపన్లు అక్కర్లేదు. క్యాంటీనుకు సరుకు మంజూరయ్యేది మనుషుల పేర్లమీద కాదు, వడ్డించిన పూటల లెక్కమీద. ఇన్ని భోజనాలు, ఇన్ని కప్పుల టీ అని లెక్క రాసి పంపితే, దానిని బట్టి తరువాతి కాలానికి సరుకు అనుమతి వస్తుంది. బరువు పనులు చేసేవారి క్యాంటీన్లకు మాంసం కాస్త ఎక్కువ ఇచ్చేవారు. గుమాస్తాకు, బొగ్గు మోసేవాడికి ఇంటి రేషను ఒకటే. ఆ తేడాను క్యాంటీను పూడ్చింది. పౌర రక్షణ కేంద్రాలలోనూ, అగ్నిమాపక ఠాణాలలోనూ ఇటువంటి క్యాంటీన్లు నడిచాయి. ఇంటివారి రేషను ముట్టకుండా వాలంటీరుకు ఒక పూట వేడి భోజనం అక్కడ దొరికేది.

రెండవ దారి ప్రజా భోజనశాలలు. మొదట వీటిని సామూహిక భోజన కేంద్రాలని పిలిచేవారు. ఆ పేరు వింటే ధర్మసత్రం గుర్తుకొస్తుందని ప్రధానమంత్రి చర్చిల్ 1941లో వీటికి బ్రిటిష్ రెస్టారెంట్లని పేరు మార్పించారు. స్థానిక సంస్థలు లాభం చూసుకోకుండా నడిపేవి. సుమారు 9 పెన్నీలకు, అంటే షిల్లింగు లోపే, పూర్తి భోజనం పెట్టేవారు. 1943 నాటికి ఇవి దేశమంతటా రెండువేలకు మించాయి. బాంబు దాడిలో వంటిల్లు పోయినవారూ, పొరుగూరి నుంచి పనిమీద వచ్చినవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు.

మూడవ దారి తాత్కాలిక కార్డు. కొంతకాలం వేరే చోట ఉండవలసినవారు అక్కడి ఆహార కార్యాలయంలో అత్యవసర కార్డు తీసుకోవచ్చు. కొద్దిరోజులకు మించి ఒక హోటలులోనో, ఇంట్లోనో బస చేస్తే తమ పుస్తకాన్ని వారికి అప్పగించాలి. చుట్టపుచూపుగా వెళ్ళేవారు సైతం తమ వంతు చక్కెర, టీ, వెన్న చిన్న పొట్లాలుగా కట్టుకొని వెళ్ళటం మర్యాద అయింది. అతిథి తన టీ ఆకు తాను తెచ్చుకోవటం మనకు వింతగా తోచవచ్చు. ఆతిథ్యమిచ్చే ఇంటికి మిగులు లేని రోజుల్లో ఆ పొట్లమే నిజమైన మర్యాద.

నాలుగవ దారి చక్రాలమీద వంటశాల. దీనిని కొంచెం విపులంగా చెప్పుకోవాలి.

బాంబులు పడిన మరుసటి ఉదయం

1940 నవంబరు 14 రాత్రి కోవెంట్రీ పట్టణంమీద జర్మన్ విమానాలు పెద్ద ఎత్తున దాడి చేశాయి. 500 మందికి పైగా మరణించారు. ఊరి నడిబొడ్డు కాలిపోయింది. నీటి గొట్టాలు, గ్యాసు గొట్టాలు తెగిపోయాయి. ఇల్లు నిలిచి ఉన్నవారు కూడా పొయ్యి వెలిగించలేని స్థితి. అటువంటి చోటికి ఇరుగుపొరుగు పట్టణాల నుంచి అగ్నిమాపక దళాలు, రక్షణ దళాలు వందల సంఖ్యలో వచ్చాయి.

ఆనాటి దాడుల నుంచి పాలకులు నేర్చుకున్నవి రెండున్నాయి. మొదటిది పరికరాల సంగతి. ఒక్కొక్క పట్టణపు అగ్నిమాపక దళానిది ఒక్కొక్క కొలత. సాయం వచ్చినవారి గొట్టాలు ఊరి నీటి కుళాయిలకు బిగిసేవి కావు. ఆ అనుభవంతోనే 1941 ఆగస్టులో దళాలన్నిటినీ కలిపి జాతీయ అగ్నిమాపక దళంగా ఏర్పాటు చేశారు. రెండవది తిండి సంగతి. సాయం వచ్చేవారు తమ తిండి, నీళ్ళు, పొయ్యి తామే తెచ్చుకోకపోతే వారు సాయమైనంత భారమూ అవుతారు.

అందుకే 1941లో రాణిగారి పేరుమీద ఆహార వాహన శ్రేణులు సిద్ధమయ్యాయి. ఒక్కొక్క శ్రేణిలో మంచినీళ్ళ ట్యాంకరు, సరుకుల లారీలు, వంట లారీలు, వడ్డన బండ్లు ఉండేవి. ఇవి పెద్ద పట్టణాలకు కాస్త ఎడంగా, బాంబులకు అందని చోట నిలిచి ఉండేవి. కబురు రాగానే కదిలేవి. ఇవి కాక మహిళా సేవాదళంవారివి, ఇతర ధార్మిక సంస్థలవి వందలాది సంచార క్యాంటీన్లుండేవి. వాహనం చేరలేని చోట, కూలిన ఇళ్ళ ఇటుకలనే పేర్చి, మట్టితో అలికి, విరిగిన కలపతో పొయ్యి రాజేయటం సేవాదళంవారికి నేర్పారు. మన పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి తవ్వినట్లే ఇదీ. ఆ విద్య పట్నవాసులు కొత్తగా నేర్వవలసి వచ్చింది.

ఏమి వడ్డించారు? మొదట టీ. తరువాత సూపు, రొట్టె, కూరగాయలతో ఉడికించిన మాంసం. ఇందులో ఒక క్రమం ఉంది. పొగ, దుమ్ము మింగి రాత్రంతా పనిచేసినవాడు ముందు తాగగలిగేది వేడి పానీయమే. పంచదార, పాలు కలిపిన ఒక కప్పు టీ వెంటనే ఒంటికి సత్తువనిస్తుంది. అంతకన్నా ముఖ్యం, తమను ఎవరో పట్టించుకున్నారన్న ధైర్యమిస్తుంది. అందుకే యుద్ధం మొదలవగానే లండను నగరంలోని టీ నిలువలను ఒక్క చోట ఉంచకుండా దేశంలో పలుచోట్లకు తరలించారు. ఒక గిడ్డంగి కాలిపోతే దేశానికి టీ లేకుండా పోరాదని వారి ముందుచూపు. ఆ టీలో చాలా భాగం మన అస్సాం, బెంగాలు తోటలదీ, సింహళానిదీ.

పాలు – ఎవరికి ముందు, ఎవరికి తరువాత

ఇప్పుడు మన సొంత విషయానికి వద్దాం.

బ్రిటన్‌లో 1933లోనే ఉత్పత్తిదారుల ప్రతినిధులతో కూడిన పాల విక్రయ బోర్డు ఇంగ్లండు, వేల్సులకు ఏర్పడింది. రైతు పాలన్నీ బోర్డు ద్వారానే అమ్ముడయ్యేవి. నెలకొకసారి చెల్లింపు జరిగేది. ప్రతి రైతు ఎన్ని పాలు పోస్తున్నాడో యుద్ధం రాకముందే పుస్తకంలో ఉంది. ఆహార శాఖ ఈ లెక్కల పునాదిమీదే పాల పంపిణీని నిర్మించగలిగింది. లెక్కలు లేని దేశంలో ఆ పని అంత వేగంగా సాధ్యమయ్యేది కాదు.

పోషకాహార విషయంలో ప్రభుత్వానికి సలహాదారు సర్ జాక్ డ్రమ్మండ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త. మాంసం, గుడ్లు, పండ్లు తగ్గిపోయే రోజుల్లో పిల్లలకు మాంసకృత్తులు, సున్నం అందించే సాధనం పాలేనని ఆయనవంటి శాస్త్రజ్ఞులు నొక్కి చెప్పారు. ఆ సలహా విధానంగా మారింది. 1940 వేసవిలో జాతీయ పాల పథకం వచ్చింది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అయిదేళ్ళలోపు పిల్లలకు రోజుకు ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్ల పాలు 2 పెన్నీల తక్కువ ధరకు, పేదలకు ఉచితంగా ఇచ్చారు. బడిపిల్లలకు పింటులో మూడోవంతు పాలు పోసే పథకం 1934 నుంచే ఉంది. దానినీ కొనసాగించారు.

మరి మామూలు పెద్దవారికి? 1941 నవంబరు నుంచి పాల పంపిణీమీద నియంత్రణ వచ్చింది. ముందు తల్లులు, పిల్లలు, రోగులు. మిగిలినది పెద్దలందరికీ సమంగా. అది వారానికి సుమారు మూడు పింట్లు, పాలు తగ్గే చలికాలంలో ఇంకా తక్కువ. మూడు పింట్లంటే రోజుకు పావు లీటరు కన్నా కొంచెం తక్కువ.

ప్రాణాలకు తెగించి మంటల్లోకి వెళ్ళే వాలంటీరు ఈ వరుసలో ఎక్కడున్నాడు? పాల విషయంలో అతడు పసిబిడ్డ తరువాతే. అతని పేర ప్రత్యేకంగా తాజా పాలు కేటాయించలేదు. క్యాంటీను టీలో పడిన పాలే అతని భాగం. ఆ పాలు కూడా చాలాసార్లు డబ్బా పాలో, పొడి పాలో. సేవ చేసేవాడు గొప్పవాడే. అయినా అతనికి రొట్టె, బంగాళాదుంప, మాంసం పెట్టి ఆకలి తీర్చవచ్చు. చంటిబిడ్డకు పాలకు బదులు పెట్టగలిగినది లేదు. ఎవరికి ఏ ఆహారానికి ప్రత్యామ్నాయం ఉందో, ఎవరికి లేదో చూసి పంచటమే ఈ వరుసలోని న్యాయం.

పాలు తాగటానికే మిగలాలని మిగతా వాడకాలు తగ్గించారు. 1940లో మీగడ అమ్మకం నిషేధించారు. 1942లో ఐస్‌క్రీమ్ తయారీ ఆపారు. వెన్న, జున్ను చాలావరకు ఓడలమీద తెచ్చి, దేశంలోని పాలను తాగటానికి మళ్ళించారు. వెన్న, జున్ను బరువు తక్కువ, నిలువ ఉంటాయి, ఓడలో వస్తాయి. తాజా పాలు సముద్రం దాటి రాలేవు.

దాణాకు సైతం 1941లో రేషను పెట్టారు. కోళ్ళకు, పందులకు దాణా కోసి, పాడి ఆవులకు ముందు ఇచ్చారు. గుడ్లు కరువైనది ఈ కారణం చేతనే. ధాన్యం తక్కువగా ఉన్నప్పుడు దానిని ఏ పశువుకు పెడితే మనిషికి ఎక్కువ ఆహారం తిరిగి వస్తుందన్న లెక్క అది. పాల సరఫరా బండ్ల విషయంలోనూ పొదుపు చేశారు. ఒకే వీధికి నలుగురైదుగురు పాలవాళ్ళు తిరగటం మానిపించి, ఒక ప్రాంతానికి సాధారణంగా ఒక ప్రైవేటు పాలవ్యాపారిని, ఒక సహకార సంఘాన్ని మాత్రమే ఉంచారు. పెట్రోలు, మనుషులు, గుర్రాలు అన్నీ ఆదా అయ్యాయి. సహకార సంఘానికి ఆ ఏర్పాటులో చోటు నిలవటం గమనార్హం.

పొడి పాల పాత్ర

1941 చివర జాతీయ పాలపొడి డబ్బాలు వచ్చాయి. ఒక డబ్బా పొడిని నీటిలో కలిపితే నాలుగు పింట్ల పాలు. పాలలో దాదాపు 87 శాతం నీరే. ఆ నీటిని ఓడలోనూ లారీలోనూ మోయటం దేనికి? పొడి చేస్తే బరువు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, నెలల తరబడి నిలువ ఉంటుంది. సంచార క్యాంటీన్లకు పాలపొడి ప్రాణాధారమైంది.

అయితే పాలపొడికి ఒక షరతు ఉంది. నీరు శుభ్రంగా లేకపోతే పొడి పాలు మేలుకు బదులు కీడు చేస్తాయి. వాహన శ్రేణిలో మంచినీళ్ళ ట్యాంకరు ఉండటంలో అర్థం ఇదే. నేడు మన దగ్గర వెన్నతీసిన పాలపొడి కలిపేటప్పుడు పాటించవలసినదీ ఇదే పద్ధతి. నీటిని మరిగించి, గోరువెచ్చగా చల్లార్చాలి. 100 గ్రాముల పొడికి సుమారు 900 మిల్లీలీటర్ల నీరు సరిపోతుంది. ముందు కొద్ది నీటితో ఉండలు లేకుండా జావలా కలిపి, మిగతా నీరు పోసి చిలకాలి. కలిపిన పాలను వెంటనే వాడాలి. నిలువ ఉంచితే తాజా పాలకన్న నమ్మకమేమీ ఎక్కువ కాదు. వెన్నతీసిన పాలపొడి పాలు పెద్దల టీకి, పెద్ద పిల్లలకు పనికివస్తాయిగాని చంటిపిల్లలకు తల్లిపాలకు బదులుగా వాడరాదు.

లోపాలు లేకపోలేదు

ఈ ఏర్పాటంతా నున్నగా నడిచిందని చెప్పలేము. దొంగ బజారు ఉండేది. హోటలు భోజనానికి కూపన్లు లేకపోవటం వలన డబ్బున్నవారు ఇంటి రేషనుకు తోడు హోటళ్ళలోనూ తినేవారు. రాత్రంతా మంటలు ఆర్పి రొట్టె, టీతో సరిపెట్టుకున్నవారికి ఇది కంటగింపు కాకుండా ఉంటుందా? విమర్శలు వచ్చాక, 1942లో హోటలు భోజనానికి 5 షిల్లింగుల ధర పరిమితి పెట్టారు. పూర్తి న్యాయం జరగకపోయినా, ఒక హద్దు ఏర్పడింది. రాజకుటుంబానికీ రేషను పుస్తకాలు ఇచ్చారు. కష్టం అందరిదీ అని జనం నమ్మినంతకాలమే రేషను నిలుస్తుందని పాలకులు గ్రహించారు. యుద్ధం ముగిసినా రేషను పూర్తిగా ఎత్తివేసేసరికి 1954 జూలై అయింది.

అదే యుద్ధం – మన నేలమీద

ఆ యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. భయంతో పట్టణాలు వదిలి పల్లెలకు చేరిన కుటుంబాలెన్నో. వారికి అన్నం పెట్టినది ఏ ప్రభుత్వ పథకమూ కాదు, బంధువుల ఇళ్ళు.

కాని అదే ప్రభుత్వ పాలనలో బెంగాలులో జరిగినది తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. ధరలు ఆకాశానికి అంటాయి. కలకత్తాలో యుద్ధానికి అవసరమైన ఫ్యాక్టరీల కార్మికులకు, ప్రభుత్వ ఉద్యోగులకు, అత్యవసర సేవలవారికి తక్కువ ధరకు బియ్యం అందే ఏర్పాట్లు జరిగాయి. పల్లెల్లోని కూలీలకు, జాలర్లకు, చేతివృత్తులవారికి ఏ కార్డూ లేదు, ఏ పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. 1943లో కరువు వచ్చింది. ప్రభుత్వ విచారణ సంఘం మృతులను సుమారు 15 లక్షలుగా అంచనా వేసింది. తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు చెబుతున్నారు. కలకత్తాలో రేషను మొదలైనది 1944 జనవరిలో. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఒకే సామ్రాజ్యంలో, ఒకే కాలంలో, రెండు నేలలమీద జరిగిన ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అత్యవసర సేవకులకు ముందు తిండి పెట్టటం రెండు చోట్లా జరిగింది. బ్రిటన్‌లో అది అందరి పేర్లూ ఉన్న జాబితాలో ఒక వరుస. బెంగాలులో జాబితాయే కొందరిది. సేవకుడికి అన్నం పెట్టటం తప్పు కాదు. సేవకుడికి మాత్రమే పెట్టటం తప్పు.

మన పాడి ఉద్యమం పుట్టుకకూ ఆ యుద్ధకాలంతో సంబంధం ఉంది. బొంబాయి నగరానికి పాలు సరఫరా చేసే పథకం 1945లో ఖేడా జిల్లాలో పాల సేకరణను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. తమకు దక్కే ధర చాలక రైతులు పాలు పోయటం ఆపారు. ఆ పోరాటం నుంచే 1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం రిజిస్టరయింది. పాలు తాగేవారి అవసరాన్ని లెక్కించి, పాలు పోసేవారిని లెక్కలోకి తీసుకోని పథకం నిలువలేదు.

మన సంఘాలు చేయదగినవి

స్వాతంత్ర్యం తరువాత మన దేశంలోనూ 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. అయితే మన పల్లెలకు యుద్ధం కన్నా తుఫానే దగ్గరి శత్రువు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా ప్రాణాలు పోయినప్పుడు, నీళ్ళు ఉప్పుబారి, పశువులు కొట్టుకుపోయి, వంటచెరకు తడిసిపోయిన ఊళ్ళకు వందలాది వాలంటీర్లు వెళ్ళారు. కోవెంట్రీలో ఎదురైన ప్రశ్నే అక్కడా ఎదురైంది. కనుక సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఈ క్రింది విషయాలను పాలకవర్గ సమావేశంలో ఒకసారి చర్చించవలసిందిగా కోరుతున్నాము.

ఒకటి. సంఘంలో పాలు పోసే సభ్యుల పట్టిక ఉండనే ఉంటుంది. దానికి తోడు ఊరిలోని చంటిపిల్లలు, గర్భిణులు, బాలింతలు, మంచంమీది వృద్ధుల పట్టిక ఒకటి రాసి ఉంచండి. పశువు లేని కూలి కుటుంబాలను మరువకండి. ఆపద నాడు పాలు ముందు ఎవరికో ఆ కాగితమే చెబుతుంది.

రెండు. దారులు తెగి పాల లారీ రానప్పుడు, ఆ పూట పాలను ఊళ్ళోనే ఎలా కాచి పంచాలో ముందే నిర్ణయించండి. ఎవరి పాలు ఎన్ని లీటర్లు వాడారో రసీదు రాయండి. ఆపద పేరుతో పాలు పోసిన పేద రైతు నష్టపోరాదు. అతని ఇంటికీ ఆపద వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

మూడు. సాయానికి వచ్చిన వాలంటీర్లకు వేరుగా లెక్క పెట్టండి. వారి సరుకు వారు తెచ్చుకుంటే, పొయ్యి, నీళ్ళు, పాత్రలు సంఘం చూపించవచ్చు. పిల్లలకు కేటాయించిన పాలు వారి టీలోకి పోరాదు. దీనిని వారితో మొహమాటం లేకుండా మొదటి రోజే చెబితే ఎవరూ నొచ్చుకోరు. మన సంఘం తరఫున పొరుగూరికి వెళ్ళేవారు కూడా రెండు రోజుల అటుకులు, బెల్లం, మరిగించిన నీళ్ళు వెంట తీసుకొని వెళ్ళాలి.

నాలుగు. పాల క్యాన్లు కొన్నిటిని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మంచినీళ్ళ కోసం ప్రత్యేకించండి. తుఫాను హెచ్చరిక వినగానే నింపి మూతలు బిగించండి. పాలపొడి నిలువ ఉంటే తడి తగలని ఎత్తైన చోట ఉంచి, గడువు తేదీ చూసి మారుస్తూ ఉండండి.

అయిదు. మేతను మరువకండి. మనుషుల తిండికి ఎందరో వస్తారు. పశువుల మేతకు వచ్చేవారు తక్కువ. వరిగడ్డి వాములు మునిగిపోయిన ఊరికి పొరుగు సంఘం పంపే ఒక బండి మేత, నెల రోజుల పాలను నిలబెడుతుంది.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ఒక పుస్తకం, కొన్ని క్యాన్లు, ముందుగా కుదుర్చుకున్న ఒక మాట చాలు. ఆనాటి బ్రిటన్ గృహిణులు బాంబుల క్రింద చేయగలిగినదీ, బెంగాలు పల్లెలకు దక్కకపోయినదీ ఆ పేర్ల పుస్తకమే. మన సంఘం దగ్గర సగం పుస్తకం ఇప్పటికే ఉంది. తక్కిన సగం పేర్లు ఈ వానాకాలం రాకముందే రాసి పూర్తిచేయగలరు.